ఇంటి కంప్యూటర్ నుంచి మెయిల్, పాస్‌వర్డ్ ఒక్క చోటే: ప్రాజెక్టు డైరీ

అనుకున్న పని

ఇంట్లో నడిచే లినక్స్ కంప్యూటర్ ఎవరూ ముట్టుకోకుండానే రోజూ మెయిల్ పంపాలి. ఆ మెయిల్ స్పామ్‌లో పడకుండా చేరాలి. పంపడానికి వాడే పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో ఒకే ఒక్క చోట ఉండాలి. ఈ మూడిట్లో నాకు మూడోదే ముఖ్యం. మొదటి రెండూ ఎలాగోలా అవుతాయి. మూడోది మొదట్లోనే పట్టించుకోకపోతే తర్వాత ఎవరూ పట్టించుకోరు.

కంప్యూటర్ ఉన్నది నల్లగొండలో, మా ఇంటి పై గదిలో. పాత డెస్క్‌టాప్, డెబియన్ 12 వేసి ఉంది. చిన్నాయనకు కనగల్ వైపు బత్తాయి తోట ఉంది, ఆ తోట లెక్కలు మా నాయిన చూస్తాడు. కూలి, మందులు, డ్రిప్ పైపులు, ఎండాకాలం బోర్లు ఎండితే నీళ్ల ట్యాంకర్లు, కాయ కోసినప్పుడు తూకం, తరుగు, లారీ కిరాయి. ఇంతకాలం నోటుబుక్కులో రాసి, ఫోటో తీసి, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి (చిన్నాయన కొడుకు) వాట్సాప్‌లో పెట్టేవాళ్లం. ఏ ఫోటో ఏ నెలదో వెతకాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు నాయిన స్ప్రెడ్‌షీట్‌లో ఎంట్రీ వేస్తున్నాడు. రాత్రి 9 గంటలకు ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఆ రోజు లెక్క తీసి తమ్ముడికీ చిన్నాయనకూ మెయిల్ చేయాలి. అదే కంప్యూటర్ రాత్రిపూట ఇంటి కాగితాలన్నీ బ్యాకప్ తీస్తుంది, హార్డ్ డిస్క్ పరిస్థితి కనిపెట్టి చూస్తుంది. ఆ రెండు పనులూ తేడా వస్తే నాకు మెయిల్ చేయాలి.

తమ్ముడికి ఈ సంగతి చెబితే వెంటనే అన్నాడు: "అన్నా, పైథాన్‌ల్నే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసేస్తే అయిపోతది గదా. పది లైన్ల పని."

పని అవుతుంది, కాదనను. కానీ లెక్కల ప్రోగ్రామ్‌లో ఒకసారి, బ్యాకప్ స్క్రిప్టులో ఒకసారి, డిస్క్ చూసే దానిలో ఇంకోసారి పాస్‌వర్డ్ రాయాల్సి వస్తుంది. రేపు తమ్ముడే ఆ ప్రోగ్రామ్ ఒకసారి పంపమంటే, పాస్‌వర్డ్ కూడా దానితోపాటే పోతుంది. పాస్‌వర్డ్ మార్చిన రోజు ఎక్కడెక్కడ రాశామో వెతుక్కోవాలి. ఒక్కటి మరిచినా ఆ మెయిల్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. అందుకే ప్రోగ్రామ్‌లకు పాస్‌వర్డ్ తెలియనే కూడదని నిర్ణయించుకున్నాను. అవి మెయిల్‌ను కంప్యూటర్‌లోనే ఉన్న మెయిల్ సర్వీసు చేతికిస్తాయి. బయటి సర్వర్ దగ్గర పేరు చెప్పి, పాస్‌వర్డ్ చూపించి, మెయిల్ అప్పగించే బాధ్యత ఆ సర్వీసుది.

శనివారం పొద్దున: నేరుగా పంపితే ఏమవుతుంది

ముందుగా సందేహం తీర్చుకోవడానికి, మధ్యలో ఎవరూ లేకుండా మా కంప్యూటరే నేరుగా అవతలి మెయిల్ సర్వర్‌తో మాట్లాడగలదా అని చూశాను. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది 25వ పోర్టులో (పోర్టు అంటే ఒక్కో పనికి కేటాయించిన నంబరు తలుపు). మా ఇంటి ఫైబర్ లైను మీద ఆ పోర్టు బయటికి తెరుచుకోలేదు. కనెక్షన్ వేలాడి వేలాడి టైమ్‌అవుట్ అయింది. చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇంటి కనెక్షన్లకు ఈ పోర్టు మూసేస్తాయి. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు లక్షల స్పామ్ మెయిళ్లు కుమ్మరించిన అనుభవం అందరికీ ఉంది.

ఒకవేళ పోర్టు తెరిచి ఉన్నా లాభం లేదు. ఇంటి ఐపీ అడ్రస్ ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి. ఇలాంటి ఇంటి అడ్రస్‌ల నుంచి నేరుగా మెయిల్ రాకూడదని స్పామ్‌హౌస్ అనే సంస్థ పీబీఎల్ పేరుతో ఒక జాబితా నడుపుతుంది. పెద్ద సర్వర్లు అలాంటి జాబితాలు చూసి తలుపు దగ్గరే ఆపేస్తాయి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు ఎవరు మెయిల్ పంపినా, పంపే డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపించే ఏర్పాట్లు) ఉండి తీరాలి. ఇంట్లో కూర్చుని అవన్నీ పెట్టుకోవడం మూడు మెయిళ్ల కోసం చేసే పని కాదు.

కాబట్టి మనకు ఖాతా ఉన్న మెయిల్ సంస్థ సర్వర్‌కే మెయిల్ అప్పగించాలి, అక్కడి నుంచి అది పంపుతుంది. దీన్నే స్మార్ట్‌హోస్ట్ అంటారు. ఆ సర్వర్ "నువ్వెవరు?" అని అడుగుతుంది. జవాబుగా ఇచ్చేదే పాస్‌వర్డ్.  

ఇలా అడగడం మెయిల్‌లో మొదటి నుంచీ లేదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాలు రాసిన పత్రాలు) ఎస్‌ఎంటీపీని, అంటే మెయిల్ పంపే ప్రొటోకాల్‌ను నిర్ణయించింది. అందులో పంపేవాడి పాస్‌వర్డ్ ఊసే లేదు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు కొద్దిమంది, ఎవరి మెయిలైనా ఎవరి సర్వరైనా ముందుకు పంపేది. స్పామ్ వరద మొదలయ్యాక ఆ మర్యాద నిలవలేదు. 1998లో మెయిల్ అప్పగించడానికంటూ 587వ పోర్టును వేరు చేశారు. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2554 ఎస్‌ఎంటీపీకి ఆథెంటికేషన్‌ను, అంటే పంపేవాడెవరో రుజువు అడగడాన్ని, జోడించింది. 2007లో దాన్ని సవరించి ఆర్‌ఎఫ్‌సీ 4954గా తెచ్చారు. నేను ఈ వారాంతంలో చేస్తున్న పనంతా ఆ కాగితం చుట్టూ తిరిగేదే.

శనివారం సాయంత్రం: ఏ సాఫ్ట్‌వేర్

చిన్న పనికి ఎంఎస్‌ఎంటీపీ అనే తేలికైన ప్రోగ్రామ్ చాలని చాలామంది చెబుతారు. అది మంచిదే. కానీ దానికి సొంతంగా క్యూ, అంటే పంపాల్సిన మెయిళ్లు ఆగి ఉండే వరుస, లేదు. మెయిల్ ఇచ్చిన క్షణంలో నెట్ ఉంటే పంపుతుంది, లేకపోతే ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. మాకు ఎండాకాలంలో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. కరెంటు వచ్చాక కూడా నెట్ రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రాత్రి 9కి నెట్ లేకపోతే ఆ రోజు లెక్క పోకూడదు, నెట్ వచ్చాక తనంతట తనే వెళ్లాలి. అందుకే పోస్ట్‌ఫిక్స్ ఎంచుకున్నాను. వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు అవసరమైనంత అధికారమే ఇవ్వడం దీని పద్ధతి. పాస్‌వర్డ్ విషయంలో నాకు కావలసిందీ అదే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెబియన్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది ఏ రకం మెయిల్ సర్వర్ అని. "స్మార్ట్‌హోస్ట్‌తో ఇంటర్నెట్ సైట్" అన్నది తీసుకున్నాను. కంప్యూటర్ లోపలి మెయిల్ లోపలే ఉంటుంది, బయటివాళ్లకు వెళ్లేది స్మార్ట్‌హోస్ట్ ద్వారా పోతుంది. ఆ వెంటనే ఐనెట్_ఇంటర్‌ఫేసెస్ అనే సెట్టింగ్‌ను లూప్‌బ్యాక్-ఓన్లీ అని మార్చాను. దానితో ఈ కంప్యూటర్ లోపలి ప్రోగ్రామ్‌లు తప్ప, ఇంట్లో వైఫై వాడే ఫోన్లు కూడా దీనికి మెయిల్ ఇవ్వలేవు. పాస్‌వర్డ్ పెట్టకముందే ఈ తలుపు మూయాలి. లేకపోతే పాస్‌వర్డ్ మన దగ్గర భద్రంగా ఉన్నా, దాని బలంతో ఎవరైనా మెయిల్ పంపేసుకోవచ్చు.

ఇక రిలేహోస్ట్ సెట్టింగ్. స్మార్ట్‌హోస్ట్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, చివర కోలన్, 587 అని రాయాలి. బ్రాకెట్లు అలంకారం కాదు. అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరును డొమైన్‌గా తీసుకుని, దాని మెయిల్ సర్వర్ ఏదో డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పుస్తకంలో) వెతుకుతుంది. బ్రాకెట్లు ఉంటే నేరుగా ఆ మెషీన్‌కే వెళుతుంది.

పాస్‌వర్డ్ ఇంకా ఇవ్వకుండానే ఒక మెయిల్ పంపి, సర్వర్ ఏమంటుందో చూశాను. 530, ఆథెంటికేషన్ కావాలి అన్నది. మెయిల్ తిరిగి వచ్చి నా లోకల్ మెయిల్‌బాక్స్‌లో పడింది. ఎస్‌ఎంటీపీలో 5తో మొదలయ్యే జవాబు వస్తే ఇక ప్రయత్నించొద్దని, 4తో మొదలైతే తర్వాత రమ్మని అర్థం. ఈ ఒక్క సంగతి తెలిస్తే లాగ్ (జరిగిన పనులన్నీ నమోదయ్యే చోటు) చదవడం సగం వచ్చినట్టే.

డెబియన్ 12లో లాగ్ ఎక్కడుందో కూడా రాసిపెడతాను. పాత పద్ధతిలో మెయిల్.లాగ్ అనే ఫైలు కోసం వెతికితే కొత్త ఇన్‌స్టాల్‌లో కనిపించదు. ఆ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్ ఇప్పుడు దానంతట అది రాదు కాబట్టి జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూసుకోవాలి.

ఆదివారం పొద్దున: సర్వర్‌తో చేత్తో మాట్లాడడం

సెట్టింగ్‌లు రాసే ముందు, లోపల ఏం జరుగుతుందో ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఎస్_క్లయింట్ అనే పనిముట్టు ఉంది. స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్‌ఎంటీపీ అని చెప్పి దానితో సర్వర్‌కు కనెక్ట్ అవ్వొచ్చు. ఇది తప్పక చేసి చూడాల్సిన పని. ఎన్ని వివరణలు చదివినా ఇంత స్పష్టంగా అర్థం కాదు.

సర్వర్ ముందు 220 అని పలకరిస్తుంది. మనం ఈహెచ్‌ఎల్‌ఓ అంటే, తనకు ఏమేం వచ్చో 250 నంబరుతో వరుసగా చెబుతుంది. జీమెయిల్ సర్వర్ దగ్గర గమనించాల్సింది ఒకటుంది. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) మొదలవకముందు ఆ వరుసలో ఆథ్ అనే మాటే ఉండదు. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యాక మళ్లీ ఈహెచ్‌ఎల్‌ఓ అంటేనే ఆథ్ లైను కనిపిస్తుంది, దాని పక్కన ప్లెయిన్, లాగిన్, ఇంకా కొన్ని పద్ధతులు ఉంటాయి. అంటే, పాస్‌వర్డ్‌ను బట్టబయలుగా పంపే అవకాశమే సర్వర్ ఇవ్వడం లేదు.

ప్లెయిన్ పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండింటినీ మధ్యలో సున్నా బైట్లు పెట్టి కలిపి, బేస్64లోకి మార్చి ఒకే లైనులో పంపుతారు. లాగిన్ పద్ధతిలో సర్వర్ 334 అంటూ ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఆ అడగడం కూడా బేస్64లోనే ఉంటుంది. చూడ్డానికి ఏదో రహస్య లిపిలా కనిపించే ఆ అక్షరాలను విప్పితే "యూజర్‌నేమ్" అన్న మామూలు మాట బయటపడుతుంది. బేస్64 రహస్యలిపి కాదు. మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చే ఒక రాత పద్ధతి. తాళం లేదు, తాళంచెవి లేదు, ఎవరైనా క్షణంలో విప్పొచ్చు. "నా పాస్‌వర్డ్ ఎన్‌కోడ్ అయి వెళుతోంది కాబట్టి భద్రం" అనుకునేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. భద్రత అంతా పైనున్న టీఎల్‌ఎస్ తొడుగులోనే ఉంది.

వివరాలు సరిగా ఉంటే 235 అని జవాబు వస్తుంది. ఆ నంబరు కనిపించాక ఇక మిగిలింది పోస్ట్‌ఫిక్స్‌కు నేర్పడమే.

ఇలా చేసి చూసేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎస్_క్లయింట్‌లో పెద్ద ఆర్ అక్షరంతో మొదలయ్యే లైను కొడితే, దాన్ని సర్వర్‌కు పంపకుండా టీఎల్‌ఎస్‌ను మళ్లీ మాట్లాడుకోమనే ఆదేశంగా తీసుకుంటుంది. చేరవలసిన అడ్రస్ చెప్పే కమాండ్ మొదలయ్యేదే ఆర్‌తో! చిన్న అక్షరాల్లో కొడితే ఏ ఇబ్బందీ లేదు, ఎస్‌ఎంటీపీ కమాండ్లకు పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం: ఏ ఖాతా, ఏ పాస్‌వర్డ్

నాయిన మెయిల్ ఖాతా గానీ నాది గానీ దీనికి వాడలేదు. కంప్యూటర్ కోసమే కొత్త ఖాతా తెరిచాను. దీనికి గట్టి కారణం ఉంది. జీమెయిల్‌లో మామూలు ఖాతా పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రామ్‌లు లాగిన్ అయ్యే దారి 2022 మే 30తో మూసుకుపోయింది. ఇప్పుడు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, ఆ తర్వాత యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది 16 అక్షరాలు ఉంటుంది, నాలుగేసి అక్షరాలకు ఖాళీ ఇచ్చి చూపిస్తుంది. మనం పంపడానికే తీసుకున్నా, ఆ పాస్‌వర్డ్‌తో ఐమాప్ (వచ్చిన మెయిళ్లు చదివే పద్ధతి) ద్వారా ఇన్‌బాక్స్ కూడా తెరవొచ్చు. నాయిన ఖాతాకు యాప్ పాస్‌వర్డ్ తీసి ఇక్కడ పెడితే, ఈ కంప్యూటర్ ఎవరి చేతిలోనైనా పడిన రోజు ఆయన బ్యాంకు మెయిళ్లన్నీ వాళ్లకు తెరిచి ఇచ్చినట్టే. కొత్త ఖాతాలో అయితే బత్తాయి లెక్కల కాపీలు తప్ప ఏమీ ఉండవు.

యాప్ పాస్‌వర్డ్‌లో నాకు నచ్చింది, దాన్ని ఒక్కదాన్నే రద్దు చేయొచ్చు. ఇంకోటి గుర్తుంచుకోవాలి: ఖాతా అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లు కూడా రద్దవుతాయి. మెయిళ్లు ఆగిన రోజు మొదట చూడాల్సింది ఇదే.

ఆదివారం రాత్రి: సెట్టింగ్‌లు

పోస్ట్‌ఫిక్స్‌లో పేర్లు చూసి చాలామంది కంగారు పడతారు. ఎస్‌ఎంటీపీ అని మొదలయ్యేవి బయటికి పంపేవాటికి, ఎస్‌ఎంటీపీడీ అని మొదలయ్యేవి లోపలికి తీసుకునేవాటికి. చివర ఒక్క డీ అక్షరమే తేడా. మనకు కావలసిందంతా డీ లేని వైపు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా సూచనలు రెండూ కలిపి రాసేస్తాయి. వాటిని ఉన్నదున్నట్టు దించితే అక్కర్లేని సర్వర్ పనులు కూడా తగిలించుకున్నట్టవుతుంది.

పాస్‌వర్డ్ ఫైలులో ఒకే లైను. ముందు సర్వర్ పేరు, ఖాళీ, తర్వాత యూజర్‌నేమ్ కోలన్ పాస్‌వర్డ్. సర్వర్ పేరు రిలేహోస్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, బ్రాకెట్లు, పోర్టు నంబరుతో సహా. రెండూ కలవకపోతే పోస్ట్‌ఫిక్స్ ఏ ఫిర్యాదూ చేయదు. ఈ సర్వర్‌కు పాస్‌వర్డ్ లేదేమో అనుకుని, పాస్‌వర్డ్ చెప్పకుండానే వెళ్లి 530 తెచ్చుకుంటుంది. ఆ లైనును ఎడిటర్‌లో టైప్ చేశాను, టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో కాదు. టెర్మినల్‌లో కొట్టిందంతా షెల్ హిస్టరీలో నిలిచిపోతుంది. అప్పుడు పాస్‌వర్డ్ రెండు చోట్ల ఉన్నట్టే.

తర్వాత పోస్ట్‌మ్యాప్ కమాండ్ ఇస్తే పక్కనే డీబీ ఫైలు తయారవుతుంది. పోస్ట్‌ఫిక్స్ చదివేది ఆ డీబీనే. దానిలో కూడా పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. కాబట్టి రెండు ఫైళ్లకూ రూట్ (కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) తప్ప ఎవరూ చదవకుండా 600 పర్మిషన్ పెట్టాను. మరి పోస్ట్‌ఫిక్స్ ఎలా చదువుతుందన్న సందేహం వస్తుంది. మెయిల్ పంపే భాగం మొదలయ్యేటప్పుడు రూట్ అధికారంతోనే మొదలై, ఈ ఫైలు తెరిచిన తర్వాత ఆ అధికారం వదిలేస్తుంది. నాకు ఈ డిజైన్ మీద చాలా గౌరవం కలిగింది.

టీఎల్‌ఎస్ దగ్గర నేను ఎక్కువసేపు కూర్చున్నాను. చాలా సూచనలు రెండు సలహాలు ఇస్తాయి. ఒకటి, ఎస్‌ఎంటీపీ_సాసల్_సెక్యూరిటీ_ఆప్షన్స్‌ను నోఅనానిమస్ (పేరు చెప్పని లాగిన్ వద్దు) అని మార్చమని. రెండు, టీఎల్‌ఎస్ స్థాయిని ఎన్‌క్రిప్ట్ అని పెట్టమని. రెండింటితోనూ పని నడుస్తుంది. నేను రెండూ అలా చేయలేదు.

మొదటి సెట్టింగ్‌కు పోస్ట్‌ఫిక్స్ ఇచ్చే సహజ విలువలో నోప్లెయిన్‌టెక్స్ట్ అని ఉంటుంది. అంటే పాస్‌వర్డ్‌ను బయటపెట్టే పద్ధతులు వాడకు అని. దాన్ని తీసేస్తే ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు కూడా ప్లెయిన్ పద్ధతికి అనుమతి ఇచ్చినట్టు. దాన్ని అలాగే ఉంచి, టీఎల్‌ఎస్ ఉన్నప్పుడు వర్తించే జంట సెట్టింగ్ ఒకటుంది, దానికి మాత్రం నోఅనానిమస్ ఇచ్చాను. ఇప్పుడు తొడుగు ఉంటేనే పాస్‌వర్డ్ కదులుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఎన్‌క్రిప్ట్ అన్న స్థాయి, మాటలు రహస్యంగా సాగాలని మాత్రమే పట్టుబడుతుంది. అవతల ఉన్నది నిజంగా ఆ సర్వరేనా అని సర్టిఫికెట్ చూసి తేల్చుకోదు. దారి మధ్యలో ఎవడైనా దొంగ సర్వర్ పెట్టి కూర్చుంటే, మన పాస్‌వర్డ్‌ను చక్కగా ఎన్‌క్రిప్ట్ చేసి వాడి చేతికే ఇచ్చేస్తుంది. సెక్యూర్ అన్న స్థాయి పెట్టి, డెబియన్‌లో ఉండే నమ్మకమైన సర్టిఫికెట్ల ఫైలును చూపిస్తే, పేరు సరిపోతేనే ముందుకు వెళుతుంది. ఇది పని చేస్తోందో లేదో తెలియడానికి ఆ సర్టిఫికెట్ల జాబితాను కాసేపు తీసేసి మెయిల్ పంపాను. సర్టిఫికెట్ నమ్మదగినది కాదని లాగ్‌లో రాసి, మెయిల్‌ను క్యూలోనే ఆపింది. పాస్‌వర్డ్ దాకా మాట రాలేదు. జాబితా తిరిగి పెట్టాక లాగ్‌లో "వెరిఫైడ్" అన్న మాట వచ్చింది. టీఎల్‌ఎస్ లాగ్ స్థాయి 1 పెడితేనే ఆ మాట కనిపిస్తుంది. ఈ పని చేసే ప్రతి ఒక్కరూ ఆ ఒక్క మాట చూసుకున్నాకే పడుకోవాలి.

సోమవారం: పద్ధతులు లేవంటోంది

రాత్రి ఆఫీసు నుంచి వచ్చి అసలు మెయిల్ పంపితే, లాగ్‌లో "నో వర్దీ మెక్స్ ఫౌండ్" అని వచ్చింది. వాడదగిన ఆథెంటికేషన్ పద్ధతి ఒక్కటీ దొరకలేదని దాని భావం. సెట్టింగ్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లెయిన్, లాగిన్ పద్ధతుల కోడ్ పోస్ట్‌ఫిక్స్‌లో ఉండదు, లిబ్‌సాసల్2-మాడ్యూల్స్ అనే వేరే ప్యాకేజీలో ఉంటుంది. ఈ డెస్క్‌టాప్‌లో సిఫార్సు ప్యాకేజీలు దించుకోకుండా డెబియన్‌ను సన్నగా ఉంచాం కాబట్టి అది రాలేదు. ఇన్‌స్టాల్ చేసి పోస్ట్‌ఫిక్స్‌ను రీస్టార్ట్ చేశాక మెయిల్ వెళ్లింది. నాయిన ఫోనులో టింగుమంది.

"వచ్చిందిరా! ఇగ రోజు నువ్వు పంపుడు అక్కర్లేదా?" అని అడిగాడు.

"అక్కర్లే నాయినా, అదే పంపుతది. నువ్వు లెక్క ఎక్కించుడు మాత్రం మర్చిపోకు."

మంగళవారం: బ్యాకప్‌లోకి జారకుండా

ఒక్క చోటే ఉండాలన్న నియమానికి అసలు పరీక్ష ఇక్కడ వచ్చింది. రాత్రి బ్యాకప్ జాబితాలో సెట్టింగ్‌ల ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీ మొత్తం ఉంది. పాస్‌వర్డ్ ఫైలు ఉండేది దానిలోనే. అలా వదిలేస్తే ఆ రాత్రే అది బయటి హార్డ్ డిస్క్‌లోకి చేరుతుంది. ఆ డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసింది కాదు, అప్పుడప్పుడు చిన్నాయన ఇంటికి కూడా పోతుంటుంది. వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అక్కడి యజమానే రూట్, మన 600 పర్మిషన్ అక్కడ చెల్లదు.

అందుకే పాస్‌వర్డ్ ఫైలునూ డీబీ ఫైలునూ రెండింటినీ బ్యాకప్ నుంచి మినహాయించాను. చాలామంది మొదటిది తీసేసి రెండోదాన్ని వదిలేస్తారు. ఫైలు పోతే ఎలా అన్న టెన్షన్ అక్కర్లేదు. కొత్త యాప్ పాస్‌వర్డ్ తీసుకుని, ఒక లైను రాసుకుంటే సరిపోతుంది. దాచుకోవాల్సింది సెట్టింగ్‌ల ఫైలు, పాస్‌వర్డ్ కాదు.

అదే రోజు పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం కావాలనే మార్చి ఏమవుతుందో చూశాను. సర్వర్ 535 అన్నది. 5తో మొదలైంది కాబట్టి మెయిల్ తిరిగి వచ్చేయాలి. కానీ రాలేదు, క్యూలో ఉండిపోయింది. పాస్‌వర్డ్ తిరస్కరించినప్పుడు మాత్రం దాన్ని తాత్కాలిక ఇబ్బందిగా చూడాలని పోస్ట్‌ఫిక్స్‌లో ముందే ఒక ఏర్పాటు ఉంది. ఎంత ఆలోచించి చేశారో! పాస్‌వర్డ్ చెల్లకుండా పోయినంత మాత్రాన లెక్కల మెయిల్ పోగొట్టుకోనక్కర్లేదు. పాస్‌వర్డ్ సరిచేసి, పోస్ట్‌మ్యాప్ కొట్టి, క్యూను కదిలించగానే వెళ్లిపోయింది.

గురువారం: కరెంటు, క్యూ

సాయంత్రం దుమారం రాలేదు కాబట్టి నేనే ఫైబర్ పెట్టె ప్లగ్ తీశాను. 9 గంటలకు లెక్క తయారై క్యూలో పడింది. మెయిల్‌క్యూ కమాండ్ కొడితే, సర్వర్ పేరు డీఎన్‌ఎస్‌లో దొరకలేదన్న కారణంతో సహా కనిపించింది. ప్లగ్ పెట్టాక నేనేమీ చేయలేదు, కాసేపట్లో తనంతట తనే వెళ్లింది. పోస్ట్‌ఫిక్స్ మొదటిసారి కనీసం 300 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, తర్వాత విరామం 4000 సెకన్ల వరకు పెంచుకుంటూ పోతుంది. అలా 5 రోజులు చూస్తుంది. మా దగ్గర ఎంత గాలివాన వచ్చినా 5 రోజులు చాలు.

శనివారం: పేర్లు, తెలుగు సబ్జెక్ట్

బ్యాకప్ స్క్రిప్టు పంపే మెయిల్ రూట్ పేరు మీద, కంప్యూటర్ లోపలి పేరుతో వెళుతుంది. బయటి ప్రపంచంలో అలాంటి అడ్రస్ లేదు. జీమెయిల్ తన సర్వర్‌లో లాగిన్ అయిన ఖాతా అడ్రస్‌నే పంపినవారిగా మార్చేస్తుంది, కానీ అన్ని సంస్థలూ అలా సర్దుకోవు, కొన్ని తిరస్కరిస్తాయి. పోస్ట్‌ఫిక్స్‌లో జెనరిక్ మ్యాప్స్ అనే పట్టికలో లోపలి అడ్రస్‌కు ఎదురుగా అసలు అడ్రస్ రాస్తే, బయటికి పోయేటప్పుడు మార్చి పంపుతుంది. రేపు సంస్థ మారినా ఇబ్బంది ఉండదు.

లెక్కల మెయిల్‌కు సబ్జెక్ట్ తెలుగులోనే కావాలన్నాడు నాయిన. "బత్తాయి తోట లెక్క" అని, పక్కన తేదీ. మెయిల్ శీర్షికలు పుట్టింది ఇంగ్లిష్ అక్షరాల కోసమే. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం వేరే లిపిని బేస్64 లాంటి పద్ధతిలో చుట్టి పంపాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. పైథాన్‌లో ఈమెయిల్‌మెసేజ్ క్లాసు వాడితే ఆ చుట్టడమంతా అదే చూసుకుంటుంది. ప్రోగ్రామ్ చివరికి మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే సెండ్‌మెయిల్ కమాండ్‌కు ఇస్తుంది, పాస్‌వర్డ్ అన్న మాట దానిలో ఎక్కడా లేదు. ఇప్పుడు తమ్ముడు అడిగితే ప్రోగ్రామ్‌ను అలాగే పంపేశాను.

తూకం చీటీల ఫోటోలు కూడా జోడించాలని అనుకుంటున్నాం. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. బేస్64 వల్ల ఫైలు మూడోవంతు పెరుగుతుంది కాబట్టి అసలు ఫోటోలు 18 ఎంబీ దాటకుండా చిన్నవి చేసి పంపాలి.

ఇంకా మిగిలింది

బయటికి పోయే మెయిలే ఆగిపోతే, ఆ సంగతి మెయిల్‌లో చెప్పడం కుదరదు. కాబట్టి ఇంకో దారి కావాలి. రోజూ పొద్దున క్యూను చూసి, ఒక రోజుకన్నా పాత మెయిల్ ఉంటే నాయిన స్ప్రెడ్‌షీట్ తెరిచే డెస్క్‌టాప్ మీదే తెలుగులో ఒక నోటిఫికేషన్ చూపించే స్క్రిప్టు రాస్తున్నాను. క్యూలోని కారణాన్ని బట్టి రెండు రకాల మాటలు చాలు: నెట్ లేదు అని ఒకటి, పాస్‌వర్డ్ చెల్లడం లేదు, నాకు ఫోన్ చెయ్యి అని ఇంకొకటి. మొదటిది సిద్ధంగా ఉంది. రెండోదానికి లాగ్‌లో 535 ఉందో లేదో చూసే భాగం రాయాలి. ఆగస్టులో సీజన్ కోత మొదలై రోజుకు రెండు మూడు తూకాలు పడే లోపు ఇది పూర్తి కావాలి.